అమ్మమ్మ కన్నవారి ఇంటిపేరు ఎక్కడ దొరుకుతుంది?

విజయనగరంలో పైడితల్లి అమ్మవారిని అక్కడి రాజులు పూసపాటి వారి ఆడపడుచు అంటారు. 1757లో బొబ్బిలి మీదికి యుద్ధానికి వెళ్లిన విజయరామరాజుకు ఆమె చెల్లెలని ఐతిహ్యం. సిరిమాను ఉత్సవం చూడ్డానికొచ్చిన వాళ్లందరికీ అమ్మవారి పుట్టింటి ఇంటిపేరు తెలుసు. అదే జనాన్ని ఆపి వాళ్ల అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు అడిగితే తడుముకుంటారు. ఆవిడ తల్లిది అడిగితే ఇక మాటే ఉండదు.

ఇందులో మనుషుల మరుపు కంటే కాగితాల తీరు పాత్రే ఎక్కువ. మన ఇంటిపేరు మనిషి పేరుకు ముందుంటుంది. పెళ్లయ్యాక ఆడపిల్లకు ఇంటిపేరు మారుతుంది, గోత్రమూ మారుతుంది. అక్కడి నుంచి రేషన్ కార్డు, ఓటర్ల జాబితా, పట్టాదారు పుస్తకం, చివరికి మరణాల రిజిస్టరు దాకా అన్నిట్లోనూ ఆమె ఫలానా వారి భార్య. ఆ కాగితాలు ఎన్ని తిరగేసినా దొరికేది మెట్టినింటి పేరే. అందుకే వెతకాల్సింది ఆమె కూతురుగానో చెల్లెలుగానో కనిపించే కాగితాన్ని. అవి తక్కువే గానీ ఉన్నాయి. చాలావరకు ఆమె తండ్రి, అన్నదమ్ముల పేర్ల కింద దాక్కుని ఉంటాయి.

ముందు ఊరు

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కోడళ్లను వాళ్ల కన్నవారి ఊరితో పిలవడం మామూలు. పాలకొండ వదిన, రాజాం పిన్ని, గరివిడి అత్త. మనిషి పోయి నలభై ఏళ్లయినా ఆ పిలుపు మిగులుతుంది, ఇంటిపేరు మిగలదు. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లను “ఇంటిపేరేంటి” అని నేరుగా అడిగితే ఎక్కువసార్లు “తెలీదు” అనే వస్తుంది. “ఆవిడ కన్నోరిది ఏ ఊరు? తొలి కాన్పుకి ఎక్కడికి తీసుకెళ్లారు? పండక్కి సారె ఎవులు తెచ్చేవోరు? పిల్లలకి చెవులు కుట్టించినప్పుడు మేనమామ ఎవరొచ్చారు?” అని అడిగితే మాట సాగుతుంది. మేనమామ పేరు వచ్చిందంటే సగం పని అయినట్టే. అది అన్నదమ్ముల పేరు కాబట్టి దాని ముందుండేదే కావలసిన ఇంటిపేరు.

అడిగే మనిషిని ఎంచుకోవడంలో ఒక చిన్న మెలకువ ఉంది. సొంత కొడుకుల కంటే ఆడపడుచులు, తోటికోడళ్లు బాగా చెబుతారు. తోటికోడలు ఆ ఇంటికి బయటి నుంచి వచ్చిన మనిషి. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారన్నది ఆమె మొదటి రోజే తెలుసుకుని ఉంటుంది.

పాత పెట్టెల్లో పెళ్లి శుభలేఖ దొరికితే అదృష్టం. “ఫలానా వారి ద్వితీయ పుత్రిక చి.ల.సౌ.” అన్న వరుసలో తండ్రి ఇంటిపేరు ఉంటుంది. శుభలేఖ లేకపోతే చదివింపుల పుస్తకం కోసం చూడాలి. దీన్ని ఎవరూ దాచాలని దాచరు, బాకీ తీర్చాలి కాబట్టి దాస్తారు. ఎవరు ఎంత చదివించారో ఇంటిపేరు, మనిషి పేరు, ఊరు, మొత్తం వరుసగా రాసి ఉంటాయి. ఆమె పిల్లల పెళ్లిళ్ల పుస్తకంలో ఆమె పుట్టిన ఊరి నుంచి వచ్చిన వాళ్లను విడిగా రాసుకుంటే ఒకే ఇంటిపేరు నాలుగైదుసార్లు కనిపిస్తుంది. అది ఆమె పుట్టింటిదై ఉండే అవకాశం ఎక్కువ. అయినా రుజువు కాదు, వాళ్లు ఆమె మేనత్త అత్తింటి వాళ్లు కూడా కావచ్చు.

పెద్ద బిడ్డ పుట్టిన చోటు

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మనకు ఆనవాయితీ. దీన్నుంచి వచ్చే ఉపయోగం చాలామందికి తట్టదు. తన పుట్టుక నమోదు చూసుకుని, తల్లి పేరు ముందు తండ్రి ఇంటిపేరే ఉందని వదిలేస్తారు. చూడాల్సింది ఇంట్లో అందరికంటే పెద్ద బిడ్డ నమోదు. అది మెట్టిన ఊళ్లో ఉండదు, అమ్మమ్మగారి ఊరి పంచాయతీ లెక్కలో ఉంటుంది.

అక్కడ కూడా ధ్రువపత్రం తెచ్చుకుంటే చాలదు. అచ్చయి వచ్చే జనన ధ్రువపత్రంలో బిడ్డ, తల్లి, తండ్రి పేర్లు, తేదీ, చోటు, చిరునామా లాంటివే ఉంటాయి. అసలు రిజిస్టరులో, జనన నివేదిక ఫారంలో మరొక గడి ఉంటుంది: సమాచారం ఇచ్చినవారి పేరు, చిరునామా. ఇంట్లో కాన్పయినప్పుడు పంచాయతీకి వెళ్లి చెప్పేది సాధారణంగా బిడ్డ తాతో మేనమామో. ఆ గడిలో ఆయన ఇంటిపేరు, వేలిముద్రో సంతకమో ఉంటాయి. మరణాల రిజిస్టరులోనూ ఈ గడి ఉంటుంది గానీ అక్కడ చెప్పేది కొడుకు, కాబట్టి మనకు పనికిరాదు.

1969 జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా రుసుము కట్టి రిజిస్టరులో వెతికించుకోవచ్చు. దరఖాస్తులో “ధ్రువపత్రం కావాలి” అని మాత్రమే రాస్తే కంప్యూటరులోంచి తీసి ఇచ్చేస్తారు. “రిజిస్టరులోని పూర్తి నమోదు, సమాచారం ఇచ్చినవారి వివరంతో సహా” అని స్పష్టంగా రాయాలి. 1984లో కరణాలు, మునసబుల పదవులు రద్దయ్యాయి, మరుసటి ఏడు తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆ మార్పుల్లో గ్రామ పుస్తకాలు చేతులు మారాయి. పాత సంవత్సరాల పుస్తకం పంచాయతీలో లేదంటే తహసీల్దారు ఆఫీసులో అడగాలి.

ఇక్కడ రెండు చోట్ల దారి తప్పుతుంది. విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో కాన్పయితే నమోదు విశాఖలోనే ఉంటుంది, కన్నవారి ఊళ్లో వెతికితే దొరకదు. రెండోది, ఏళ్ల తరవాత పాస్‌పోర్టు కోసమో ఉద్యోగం కోసమో చేయించిన ఆలస్య నమోదు. పుట్టిన తేదీకి, నమోదు తేదీకి మధ్య ఏళ్ల తేడా ఉంటే ఆ వివరాలు ఎవరో జ్ఞాపకం మీద చెప్పినవే. ఆ నమోదు మెట్టిన ఊళ్లోనే చేయించి ఉండొచ్చు కూడా. దాన్ని పట్టుకుని పుట్టిన ఊరు తేల్చకూడదు.

పసుపు కుంకుమ దస్తావేజు

ఈ వెతుకులాటలో దీన్ని మించిన కాగితం లేదు. ఆడపిల్లకు పెళ్లప్పుడో తరవాతో పసుపు కుంకుమల కింద ఎకరమో అరెకరమో రాసివ్వడం ఈ రెండు జిల్లాల్లోనూ భూమి ఉన్న ఇళ్లలో ఉన్నదే. దస్తావేజు మీద దఖలు అనో, దాన సెటిల్‌మెంటు అనో ఉంటుంది. రాసిచ్చేది తండ్రి, పుచ్చుకునేది పెళ్లయిన కూతురు. రెండిళ్ల ఇంటిపేర్లూ ఒకే పేజీలో ఉంటాయి.

ఊహించి రాసిన ఒక మచ్చు: “ఫలానా గ్రామ కాపురస్తుడు గొర్లె సూరయ్య కుమారుడు అప్పలస్వామి, ఫలానా గ్రామ కాపురస్తుడు మజ్జి రాములు భార్య అప్పలనరసమ్మకు వ్రాయించి ఇచ్చిన పసుపు కుంకుమ దఖలు దస్తావేజు. నీవు నా జ్యేష్ఠ కుమార్తెవు గనుక...” ఈ రెండు వాక్యాల్లోనే ఆమె తండ్రి, తాత, భర్త, మామగారి ఇంటిపేరు వచ్చేశాయి. పేజీ తిప్పితే హద్దులుంటాయి. తూర్పు గొర్లె వారి భూమి, దక్షిణం గొర్లె వారి భూమి, పడమర కాలవ. వాటాలు పంచుకున్న పొలంలోంచే కూతురికి ముక్క ఇస్తారు కాబట్టి పక్కనున్నది పెదనాన్న, చిన్నాన్నల భూమి అయి ఉంటుంది. ఆ ముక్కను ఆమె తరవాత ఎవరికో అమ్మేసినా, ఆ అమ్మకం దస్తావేజులో ఇవే హద్దులు కొనసాగుతాయి. కింద సాక్షులు, దస్తూరి (దస్తావేజు రాసిన మనిషి), సబ్ రిజిస్ట్రారు ఎదుట మనిషిని నిరూపించినవారు. వీళ్లలో ఒకరు అన్నో తమ్ముడో ఉండటం తరచు చూస్తాం.

నోటిమాటగా ఇచ్చిన పసుపు కుంకుమలూ బోలెడు. వాటికి దస్తావేజు ఉండదు. అప్పుడు ఆమె ఆ భూమిని అమ్మినప్పటి కాగితం చూడాలి. హక్కు ఎలా వచ్చిందో చెప్పే పేరాలో “నా వివాహ కాలమున నా తండ్రి గారగు ఫలానా వారు పసుపు కుంకుమల క్రింద ఇవ్వగా” అన్న మాట ఉంటుంది.

వెతికే పద్ధతి ఇది. స్థిరాస్తి దస్తావేజు భూమి ఉన్న చోటి సబ్ రిజిస్ట్రారు దగ్గర రిజిస్టరవుతుంది. ఆ భూమి ఆమె పుట్టిన ఊళ్లో ఉంటుంది. ముందు ఊరు తేల్చుకోవాలన్నది ఇందుకే. ఆ ఊరు ఏ సబ్ రిజిస్ట్రారు ఆఫీసు కిందికి వచ్చేదో, మధ్యలో ఆఫీసు విడిపోయిందేమో కనుక్కోవాలి. ప్రతి ఆఫీసులోనూ ఇండెక్సులు ఉంటాయి. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్లతో, రెండో ఇండెక్సు ఆస్తితో. మనకు తెలిసింది ఆమె మెట్టినింటి పేరు, అది చాలు. ఒకటో ఇండెక్సులో ఆమె పేరు కింద వెతికితే పుచ్చుకున్న మనిషిగా కనిపిస్తుంది, రాసిచ్చిన వాళ్ల పేరు అదే దస్తావేజు నంబరు మీద దొరుకుతుంది. ఇంటిపేరు మొదటి అక్షరం కింద లేకపోతే మనిషి పేరు అక్షరం కింద, భర్త పేరు అక్షరం కింద కూడా చూడాలి. పెళ్లయిన ఏడాదికి ముందు రెండేళ్లు, తరవాత పదిహేనేళ్లు వెతికిస్తే సాధారణంగా సరిపోతుంది.

ఒకటో పుస్తకం, అంటే స్థిరాస్తి దస్తావేజుల పుస్తకం, దాని ఇండెక్సు రుసుము కట్టిన ఎవరైనా చూడొచ్చని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. మూడో పుస్తకంలోని వీలునామాలకు ఈ వెసులుబాటు లేదు. రాసిన మనిషి బతికుండగా నకలు ఆయనకో ఆయన ప్రతినిధికో తప్ప ఇవ్వరు.

ఆన్‌లైన్ ఇ.సి. (ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితా) ఎక్కువ ఆఫీసులకు 1983 నుంచి దొరుకుతుంది. అందులో వెతికేది మనిషి పేరుతో కాదు, దస్తావేజు నంబరుతోనో సర్వే నంబరుతోనో. సర్వే నంబరు తెలియాలంటే ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైటు మీభూమిలో ఆ ఊరి 1-బి (ఎవరి పేరున ఏ భూమి ఉందో చెప్పే లెక్క) చూసి, అనుమానం ఉన్న ఇంటిపేరు వాళ్ల నంబర్లు రాసుకోవాలి. ఇ.సి. వచ్చాక పేర్ల ముందున్న పొట్టి అక్షరాలు గమనించాలి. ఇ.ఎక్స్. అంటే రాసిచ్చినవారు, సి.ఎల్. అంటే రాయించుకున్నవారు. దానమైతే డి.ఆర్. దాత, డి.ఇ. గ్రహీత. రాసిచ్చింది ఒక ఇంటిపేరు మగమనిషి, పుచ్చుకున్నది వేరే ఇంటిపేరు స్త్రీ అయిన దాన దస్తావేజు కనబడితే ఆగి దాని నకలు తీయించాలి.

ఈ మధ్యకాలపు కాగితాలు ఇంకా తేలిక. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి, కేంద్రం చేసిన సవరణ 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చాయి. కూతుళ్లకూ వాటా వచ్చాక, అన్నదమ్ములు భూమి అమ్మాలన్నా పంచుకోవాలన్నా అక్కచెల్లెళ్ల సంతకం కావలసివచ్చింది. హక్కు విడుదల దస్తావేజుల్లో ఒక తండ్రి కూతుళ్లందరూ తలో ఇంటిపేరుతో వరుసగా కనిపిస్తారు. వాటా కోసం కోర్టుకెక్కిన ఇళ్లలో దావాతో పాటు దాఖలైన వంశవృక్షం ఉంటుంది. అన్నదమ్ములకు పడకపోవడం వల్ల వంశ చరిత్రకు జరిగే మేలు ఇంతా అంతా కాదు.

జిల్లా పేరు చూసి మోసపోవద్దు

ఊరు కదలకపోయినా జిల్లా మారిపోయిన ప్రాంతం ఇది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం గంజాం జిల్లాలో ఉండేవి. తరవాత విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడ్డప్పుడు బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, చీపురుపల్లి శ్రీకాకుళం నుంచి అందులోకి వెళ్లాయి. 2022 ఏప్రిల్ 4న పాలకొండ పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి మారాయి. అంటే బొబ్బిలి పక్క ఊరి దస్తావేజు 1945లో విశాఖపట్నం జిల్లా, 1965లో శ్రీకాకుళం జిల్లా, 1985లో విజయనగరం జిల్లా. మూడూ ఒకే ఊరు. కోడలు పర్లాకిమిడి వైపు నుంచి వచ్చిందంటే కాగితాలు ఇప్పటి ఒడిశా గజపతి జిల్లాలో వెతకాలి.

తేదీల్లో ఇంకో మెలిక. భూమి లెక్కల్లో ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఉంటే దానికి 590 కలపాలి. ఫసలీ 1360 అంటే 1950 జూలై నుంచి 1951 జూన్ దాకా. రక్తాక్షి, దుర్మతి లాంటి సంవత్సరం పేరు మాత్రమే ఉంటే అరవయ్యేళ్ల తేడా వస్తుంది. రక్తాక్షి 1924 కావచ్చు, 1984 కావచ్చు. స్టాంపు కాగితం మీది బొమ్మ, అణాలా పైసలా అన్నది చూసి తేల్చాలి. దశాంశ పైసలు వచ్చింది 1957లో.

చిన్న ఆధారాలు

ఆమె చదువుకున్న మనిషైతే పని నిమిషాల్లో తేలుతుంది. పదో తరగతి సర్టిఫికెట్ పెళ్లికి ముందుది, దాని మీద పుట్టింటి పేరే ఉంటుంది. టీచర్లు, నర్సులు ఉద్యోగమంతా ఆ పేరుతోనే చేస్తారు. సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ చాలు. ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటే మాత్రం జాగ్రత్త. ఇంగ్లీషు “కె” కింద కిల్లి, కూన, కింజరాపు, కోట అన్నీ పడతాయి. ఇంగ్లీషులో రాసిన “Kota” కోటో కోతో ఆ ఊరి తెలుగు జాబితాతో సరిచూస్తే గానీ తేలదు.

సారెలో వచ్చిన ఇత్తడి బిందెలు, గుండిగల మీద పేర్లు కొట్టించడం మన అలవాటు. సరవకోట మండలం బుడితి ఇత్తడి, కంచు సామానుకు పెట్టింది పేరు. ఇంట్లో పాత బిందె ఉంటే మూతి కిందా భుజం మీదా చూడాలి, చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు ఉంటాయి. చింతపండుతో తోమి ఆరబెట్టి, చుక్కల్లో ముగ్గుపిండి రుద్ది, పైపైన తుడిచి, పక్కనుంచి దీపం వేసి ఫొటో తీస్తే అరిగిన అక్షరం కూడా కనిపిస్తుంది. చదవడంలోనే ఉంది అసలు పని. కొట్టించినది ఇచ్చినవారి పేరా, పుచ్చుకున్న పిల్ల పేరా అన్నది తేల్చుకోవాలి. మగపేరుంటే ఇచ్చినవారిదే అయి ఉంటుంది.

చర్చి రిజిస్టర్లలో బాప్తిస్మం పేజీ కంటే పెళ్లి పేజీ మేలు, అందులో వధువు తండ్రి పేరు ఉంటుంది. ఈ జిల్లాల్లో బాప్టిస్టు సంఘాలున్నాయి. వాళ్లు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, ఊహ వచ్చాక ఇస్తారు. పెళ్లికి ముందే తీసుకున్న స్త్రీ అయితే ఆమె పుట్టింటి పేరుతోనే నమోదవుతుంది. ముస్లిం ఇళ్లలో ఖాజీ దగ్గరి నికా పుస్తకం ఆ పని చేస్తుంది. గయ, కాశీ, పూరీ పండాల (తీర్థ పురోహితుల) పుస్తకాల్లో యాత్రికుల ఊరు, వంశం పేర్లు ఉంటాయి. అక్కడా ముందు అడిగేది ఊరే. తద్దినాల్లో చెప్పే మాతామహుల పేర్లు, గోత్రం ఇంటిపేరు చెప్పవు గానీ తప్పు ఇంటిపేరును కొట్టేయడానికి పనికొస్తాయి.

తరాల కిందట వలస వెళ్లిన ఇళ్ల సంగతి వేరు. 1860 నుంచి 1911 దాకా మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కూలీలను తీసుకెళ్లిన ఓడల జాబితాల్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల వాళ్లు చాలామంది ఉన్నారు. వాటిలో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు ఉంటాయి. తండ్రి పేరు గడి స్త్రీలకు కూడా ఉండటం వాటిలోని విశేషం. ఇంటిపేరు మాత్రం ఉండదు.

మేనరికం చిక్కు

ఇంటిపేరు దొరికాక కూడా అది నిజంగా ఆమెదేనా అన్న అనుమానం మేనరికాల వల్ల వస్తుంది. అదే మేనరికం తెలియని ఇంటిపేరును తెలియజేస్తుంది కూడా. మగవాడు మేనమామ కూతుర్ని చేసుకుంటే భార్య పుట్టింటి పేరు, తల్లి పుట్టింటి పేరు ఒకటే. కాబట్టి నాయనమ్మ పుట్టిల్లు తెలిసి, ఆమె అత్తగారిది తెలియకపోతే, “మేనమామ కూతురు” అన్న మాట నిజమైతే రెండూ తెలిసినట్టే. మేనత్త కూతురైతే ఈ లెక్క చెల్లదు, భార్య తల్లి ఆ ఇంటి ఆడపడుచు అని మాత్రమే తేలుతుంది. “మేనరికమే” అని ఊరుకోకుండా ఏ వైపు అని అడగాలి.

అక్క కూతుర్ని చేసుకున్న చోట ఇంకా తికమక. మజ్జి వారి అబ్బాయి, గొర్లె వారింట ఇచ్చిన అక్క కూతుర్ని చేసుకున్నాడనుకుందాం. పిల్ల పుట్టింటి పేరు గొర్లె, మెట్టినింటి పేరు మజ్జి. ఆమె తల్లి పుట్టింటి పేరూ మజ్జే. వంశవృక్షంలో ఇది కనిపించగానే “మెట్టినింటి పేరు పొరపాటున రాశారు” అనుకుని కొట్టేసేవాళ్లున్నారు. అది పొరపాటు కాదు. కుండమార్పిడి పెళ్లిళ్లలో సోదరి అత్తింటి పేరు, భార్య పుట్టింటి పేరు ఒకటవుతాయి.

తల్లి ఎవరన్నదే తప్పు పడే సందర్భాలూ ఉన్నాయి. మొదటి భార్య పోయి మళ్లీ పెళ్లి చేసుకున్న ఇంట్లో, పిల్లలను పెంచిన తల్లి కన్నవారే జ్ఞాపకం ఉంటారు. పెద్దపిల్లాడి పుట్టిన ఏడాది, పెళ్లి ఏడాది పక్కపక్కన రాస్తే ఇది బయటపడుతుంది. ఇల్లరికం అల్లుడి పిల్లలను ఊరంతా తల్లి ఇంటిపేరుతోనే పిలుస్తుంది, బడి రిజిస్టరులో కూడా అదే పడొచ్చు. ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇళ్లలో వంశం పేరు చివర ఉంటుంది, తెలుగు గుమాస్తా చేతిలో ముందువెనకలవుతుంది. మన్యంలో సవర గిరిజనుల్లో ఎంతోమందికి రికార్డుల్లో ఇంటిపేరు “సవర” అనే ఉంటుంది. పెళ్లికి ముందూ వెనకా అదే కాబట్టి అక్కడ ఇంటిపేరు వెతకడం మాని తండ్రి పేరు, ఊరు పట్టుకోవాలి.

ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరు రెండు మూడు కులాల్లో ఉంటుంది. అప్పలనరసమ్మ, సూరమ్మ, పైడితల్లి ప్రతి వీధిలోనూ ఉంటారు. అందుకని ఇంటిపేరు, ఊరు, తండ్రి పేరు, ఒక అన్నదమ్ముడి పేరు నాలుగూ ఒకే మనిషి మీద కలిస్తేనే ఖాయం చేయాలి. వాటిలో కనీసం రెండు కాగితం మీద ఉండాలి. వంశవృక్షంలో ఆమెను పుట్టింటి ఇంటిపేరుతో రాసి, పక్కన దస్తావేజు నంబరో, చెప్పిన మనిషి పేరో, తేదీయో వేయాలి. ఇంకా తేలని చోట గడిని భర్త ఇంటిపేరుతో నింపకుండా, తెలిసిన ఊరి పేరు రాసి “రాజాం పిల్ల” అని ఉంచాలి.